6 స్క్రూలు, 14 కాళ్లు

టీవీ రిమోట్ మొండికేస్తే మన ఇళ్లలో మొదటి వైద్యం అరచేత్తో రెండు దెబ్బలు. రెండోది బ్యాటరీలు తీసి అటూ ఇటూ దొర్లించడం. ఓపికున్నవాళ్లు మూడో పని చేస్తారు: చాకు మొనతో రిమోట్‌ను రెండుగా విప్పి, రబ్బరు బటన్ల షీటు పక్కనపెట్టి, బోర్డు మీది జిడ్డు తుడుస్తారు. ఈ మూడోది వచ్చినవాళ్లకు పాత వీడియో గేమ్ కంట్రోలర్ బాగుచెయ్యడం సగం వచ్చినట్టే. రెండింట్లోనూ ఏర్పాటు ఒకటే. బటన్ అడుగున రబ్బరుకు అతికిన నల్లటి కార్బన్ బిళ్ల, దాని కింద బోర్డు మీద ఒకదానికొకటి తగలని రెండు గీతలు. నొక్కితే బిళ్ల ఆ రెండింటినీ కలుపుతుంది.

1985లో అమెరికాలో అడుగుపెట్టిన నింటెండో ఎన్‌ఈఎస్ కంట్రోలర్ వెనక ఉన్నవి 6 మామూలు స్టార్ స్క్రూలు. విప్పితే లోపల చిన్న బోర్డు, మూడు రబ్బరు ముక్కలు, 4021 అనే చిప్పు ఒకటి. దిక్కుల మీటకు నాలుగు, మిగతావి నాలుగు, మొత్తం 8 మీటలు. వాటి సంగతి చిప్పు ఒక్కొక్కటిగా ఒకే తీగ మీద చెబుతుంది. అంతే సంసారం. ‘ఎ’ నొక్కినా మారియో ఎగరట్లేదంటే చాలాసార్లు కారణం ఏళ్ల తరబడి పేరుకున్న చెమట, దుమ్ము. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూది పుల్లతో గీతల్ని మెల్లగా తుడిచి, రబ్బరును సబ్బునీళ్లలో కడిగి, పూర్తిగా ఆరాక బిగిస్తే నలభై ఏళ్ల నాటి వస్తువు లేచి కూర్చుంటుంది. తుప్పు వదిలించే నూనె మాత్రం కొట్టకూడదు. అది పాత జిడ్డు మీద కొత్త జిడ్డు రాయడమే.

అసలు చిక్కు బొటనవేలితో అటూ ఇటూ తిప్పే స్టిక్‌తో మొదలైంది.

1996 నాటి నింటెండో 64 స్టిక్ కింది కొస ఒక ప్లాస్టిక్ గిన్నెలో తిరుగుతుంది. ప్లాస్టిక్ ప్లాస్టిక్‌ను తింటుంది. బాగా వాడినదాన్ని విప్పితే గిన్నె నిండా తెల్లటి పొడి, తిరగలి చుట్టూ రాలిన పిండిలా. ‘మారియో పార్టీ’ ఆటలో స్టిక్‌ను గిరగిరా తిప్పాల్సిన పోటీలుండేవి. పిల్లలు బొటనవేలు వదిలేసి అరచేత్తో రుద్దారు, బొబ్బలెక్కాయి. న్యూయార్క్ అటార్నీ జనరల్ కలగజేసుకోవడంతో 2000లో కంపెనీ చేతి తొడుగులు ఇవ్వడానికి ఒప్పుకుంది. తొడుగులు చేతులకే, అరిగే గిన్నెకు కాదు. అయినా ఆ స్టిక్ డబ్బాను స్క్రూలు తీసి, కనెక్టర్ లాగి, వేరేది పెట్టుకోవచ్చు.

ఆ తర్వాతి కంట్రోలర్లలో ఎక్కువ భాగానికి ఆ భాగ్యం లేదు. పాత రేడియోలో వాల్యూమ్ తిప్పితే వచ్చే గరగర చాలామందికి గుర్తుండే ఉంటుంది. కార్బన్ పట్టీ మీద లోహపు నాలుక రాసుకుని అరిగిన చప్పుడది. అదే పరికరాన్ని బుల్లిది చేసి స్టిక్‌కు రెండేసి తగిలించారు. అరిగితే ఇక్కడ గరగర వినబడదు. ఎవరూ ముట్టుకోకపోయినా తెర మీద బొమ్మ నడుచుకుంటూ పోతుంది. దీన్నే డ్రిఫ్ట్ అంటారు. సోనీ ప్లేస్టేషన్ 4 కంట్రోలర్‌లో ఒక్కో స్టిక్‌ను 14 కాళ్లతో బోర్డుకు సోల్డరింగ్ చేశారు. ప్రతి కాలి దగ్గరా సోల్డర్ కరిగించి పీల్చెయ్యాలి. ఒక్కటి మిగిలినా తొందరపడి లాగితే బోర్డు మీది గీత కూడా ఊడొస్తుంది.

వేరే దారి తెలియక ఇలా చేశారనడానికి లేదు. 1998లోనే సెగా డ్రీమ్‌కాస్ట్ స్టిక్ కింద అయస్కాంతం పెట్టింది. దాని కదలికను సెన్సర్ దూరం నుంచే పసిగడుతుంది, రాపిడి లేదు కాబట్టి ఆ అరుగుదలా లేదు. 2017లో వచ్చిన నింటెండో స్విచ్ జాయ్‌కాన్ కంట్రోలర్ల డ్రిఫ్ట్ మీద అమెరికాలో దావాలు పడ్డాయి, 2020 జూన్‌లో నింటెండో అధ్యక్షుడు ఫురుకావా వాటాదారుల ముందు క్షమాపణ చెప్పారు. అయినా 2025 నాటి స్విచ్ 2 స్టిక్‌లలోనూ అయస్కాంతపు సెన్సర్ లేదు.

సోనీ సంగతి ఇంకా విడ్డూరం. 2023లో తెచ్చిన డ్యుయల్‌సెన్స్ ఎడ్జ్ కంట్రోలర్‌లో ముందు మూత తీసి చిన్న మీట ఎత్తితే స్టిక్ భాగం మొత్తం చేతిలోకొస్తుంది. 20 డాలర్లు పెట్టి కొత్తది తోసేస్తే సరి, సోల్డరింగ్ గన్‌తో పని లేదు. కాకపోతే ఆ కంట్రోలర్ ధర 200 డాలర్లు. మామూలు డ్యుయల్‌సెన్స్ అప్పట్లో 70 డాలర్లకే వచ్చేది. దానికి మాత్రం 14 కాళ్లూ అలాగే ఉంచారు.