బొంగురు గొంతు – కిరణ చికిత్స

ఇంటిలో పురుషుని కంఠస్వరము మాఱినచో మొదట కనిపెట్టునది గృహిణియే. జలుబనియో, పాఠములు చెప్పి యలసెననియో తలచి మనము మిరియాల కషాయ మిచ్చి యూరకుందుము. కాని మూడు వారములు గడచినను బొంగురు తగ్గనిచో గొంతు వైద్యునికి చూపితీరవలెను. స్వరతంత్రులపై రాచపుండు, అనగా క్యాన్సరు, పుట్టినప్పుడు తొలిగుర్తు తఱచుగా నిదియే. నొప్పి యుండకపోవచ్చును.

జర్మనీ చక్రవర్తి మూడవ ఫ్రెడరిక్కునకు 1887వ సంవత్సరారంభమున గొంతు బొంగురుపోయెను. వ్యాధి యేదియో తేల్చుటలో వైద్యులకు వివాదము కలిగి కాలము గడచెను. మఱుసటి ఫిబ్రవరిలో ఊపిరి కొఱకు కంఠమునకు రంధ్రము చేయవలసివచ్చెను. మాట పోయి, కాగితముపై వ్రాసి చూపుచు, 99 దినములు మాత్రమే రాజ్యమేలి 1888 జూన్ 15న గతించెను. ఎక్సు కిరణములు 1895లో గాని కనుగొనబడలేదు. 1920వ దశకమున పారిసు నగరమున కుటార్డ్ అను వైద్యుడు కిరణములను దినమునకు కొంచెముగా, పలుదినములు ప్రయోగించి యీ వ్యాధిని కుదిర్చెను. నేటి పద్ధతికి మూల మదియే. తొలిదశలో కనిపెట్టినచో పెక్కుమందికి శస్త్రము లేకయే వ్యాధి నయమగును, స్వరమును నిలుచును. ముదిరినచో మందులును, ఒక్కొక్కప్పుడు శస్త్రమును తోడు కావలెను.

చికిత్స సాధారణముగా వారమున కైదు దినములు చొప్పున ఆరేడు వారములు జరుగును. తల కదలకుండ ముఖమునకు తొడుగు పెట్టుదురు. కిరణము సోకునపుడు నొప్పి తెలియదు. రెండుమూడు వారములైన పిమ్మట గొంతు మండును, మ్రింగుట కష్టమగును, మెడ చర్మము కమలును, బొంగురు హెచ్చును.

మా యెఱుకలోని యొక యుపాధ్యాయుని యింట నీ దశలోనే, "వైద్యమువలననే గొంతు చెడినది, మానుడు" అని పెద్దలు పట్టుబట్టిరి. ఆయన భార్య యొప్పుకొనక వైద్యుని నడిగి, యది చికిత్సలో సహజమని తెలిసికొని, యొక్క దినమైన తప్పింపలేదు. నేడాయన మరల పాఠములు చెప్పుచున్నారు.

అమావాస్య యనియు, పెండ్లి యనియు నడుమ మానరాదు. విరామ మిచ్చినచో మిగిలిన రోగకణములు మరల వృద్ధిచెందును. ఆ దినములలో ఊరగాయ, కారము మాన్పి, చల్లార్చిన జావ, మెత్తని పెరుగన్నము, పలుచని పప్పు పెట్టవలెను. చుట్ట, బీడీ, సిగరెట్టు ఇంట కనబడనీయరాదు. పొగ త్రాగువానికి చికిత్స ఫలము తగ్గును.

చెవియొగ్గి వినుటయు, పట్టువిడువక చికిత్స పూర్తిచేయించుటయు, ఈ రెండును మన చేతిలోనివి.