చివరి మెట్టు మీద ఇరవై మంది

ఇంజినీరింగ్‌లో చేరాలంటే ఎంట్రన్స్ రాయాలి. ర్యాంకు వస్తే సీటు వస్తుంది. కార్ల పందేల్లోనూ అలాంటి పరీక్ష ఒకటుంది. దాని పేరు ఫార్ములా టూ. ఫార్ములా వన్‌లోకి అడుగుపెట్టాలనుకునే కుర్రాళ్లు ఎక్కాల్సిన చివరి మెట్టు అది. కాకపోతే ఓ చిన్న తిరకాసు... ఇక్కడ ఫస్టు ర్యాంకు తెచ్చుకున్నా సీటుకు గ్యారంటీ లేదు!

ఆ సంగతి అర్థం కావాలంటే 2019 సీజన్ కథ తెలుసుకోవాలి. ఒక ఛాంపియన్‌ని, ఒక పుట్టెడు దుఃఖాన్ని, ఎన్నో ప్రశ్నల్ని మిగిల్చి వెళ్లిన సీజన్ అది.

అందరికీ ఒకటే కారు

ఫార్ములా వన్‌లో ప్రతి జట్టూ తన కారు తానే తయారు చేసుకుంటుంది. డబ్బున్న జట్టుకి మంచి కారు, లేని జట్టుకి మామూలు కారు. ఫార్ములా టూలో ఆ పప్పులు ఉడకవు. అందరికీ ఇటలీలోని డల్లారా కంపెనీ చేసిన ఒకే రకం కారు. అందులో 620 హార్స్ పవర్ టర్బో ఇంజిన్. టైర్లన్నీ పిరెల్లీవే. అంటే గెలిస్తే అది కుర్రాడి గొప్ప, ఓడితే కుర్రాడి తప్పు. జట్టు నైపుణ్యం కొంత కలిసొచ్చినా కారు మీద నెపం వేసి తప్పించుకోవడం కుదరదు.

వారాంతంలో రెండు పందేలు. 2019లో మామూలుగా శనివారం పెద్ద పందెం, ఆదివారం చిన్న పందెం ఉండేవి. ఆదివారం నాటిది భలే తమాషాగా ఉండేది. శనివారం మొదటి ఎనిమిది స్థానాల్లో వచ్చినవాళ్లని తిరగేసి నిలబెట్టేవారు. ఎనిమిదో స్థానంలో వచ్చినవాడు అందరికంటే ముందు, గెలిచినవాడు వాళ్లలో అందరికంటే వెనక! ముందున్నవాణ్ని దాటుకుని వెళ్లడం వచ్చో రాదో అప్పుడు తేలిపోయేది. ఈ పందేలన్నీ ఫార్ములా వన్ జరిగే చోటే, అదే వారాంతంలో, అదే ట్రాక్ మీద. పెద్ద జట్ల యజమానులు పక్కనే ఉంటారు. అంటే ప్రతి మలుపూ ఓ ఇంటర్వ్యూనే.

ఇంటర్వ్యూకి వెళ్లాలంటే మాత్రం జేబు బరువుగా ఉండాలి. 2019లో ఫార్ములా టూలో ఒక ఏడాది నడపాలంటే ఇరవై లక్షల యూరోల దాకా అయ్యేదని అంచనా. అప్పటి లెక్కన మన డబ్బులో పదిహేను కోట్ల పైమాటే. తండ్రి కోటీశ్వరుడైనా కావాలి, పెద్ద కంపెనీ అయినా దత్తత తీసుకోవాలి.

బహ్రెయిన్‌లో మొదలైంది

2019 మార్చి నెలాఖరున బహ్రెయిన్‌లో పది జట్లు, ఇరవై మంది డ్రైవర్లతో సీజన్ మొదలైంది. ఏడుసార్లు ప్రపంచ ఛాంపియన్ మైకేల్ షుమాకర్ కొడుకు మిక్ అందులో ఉన్నాడు. ఒకప్పటి ఫార్ములా వన్ డ్రైవర్ జాన్ అలెసి కొడుకు జూలియానో ఉన్నాడు. కొలంబియా నుంచి వచ్చిన తత్యానా కాల్డెరాన్ ఉంది. ఫార్ములా టూ అన్న పేరుతో ఈ పందేలు 2017లో మళ్లీ మొదలయ్యాక అందులో నడిపిన తొలి మహిళ ఆమే. మన చెన్నై కుర్రాడు మహావీర్ రఘునాథన్ కూడా ఉన్నాడు. నిబంధనలు మీరినందుకు వేసే పెనాల్టీ పాయింట్లు పన్నెండుకు చేరడంతో ఆస్ట్రియా పందేలకు దూరమయ్యాడు. ఏడాది మొత్తానికి అతనికి దక్కింది ఒకే ఒక్క పాయింటు. ఆ ఒక్కటి సంపాదించడం కూడా ఎంత కష్టమో అక్కడ నడిపినవాళ్లకే తెలుసు.

అసలు పోటీ మాత్రం ఇద్దరి మధ్య నడిచింది. ఒకడు నెదర్లాండ్స్‌కి చెందిన నిక్ డి వ్రీస్. ఇంకొకడు కెనడా కుర్రాడు నికొలస్ లతీఫీ. మొదటి అయిదు పందేల్లో మూడు గెలిచి లతీఫీ అదరగొట్టాడు. డి వ్రీస్ తొందరపడలేదు. బార్సిలోనా, మొనాకో, ఫ్రాన్స్... వరసగా మూడు చోట్ల ఒక్కో పందెం గెలిచి ముందుకొచ్చేశాడు.

ఈ ఇద్దరి హడావుడిలో మరో కుర్రాడు నెమ్మదిగా అందరి దృష్టిలో పడ్డాడు. పేరు ఆంత్వాన్ హుబెర్. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో పుట్టాడు. వయసు 22. అంతకు ముందు ఏడాది కింది మెట్టయిన జీపీ3లో ఛాంపియన్. ఫార్ములా టూలో మాత్రం అతనికి దొరికింది ఆర్డెన్ అనే మామూలు జట్టు. అయినా మొనాకో ఇరుకు వీధుల్లో చిన్న పందెం గెలిచాడు. ఎంత తేడాతోనో తెలుసా? 0.059 సెకన్లు! కంటిరెప్ప కొట్టినంత సేపు కూడా కాదు. ఆ తర్వాత సొంతగడ్డ ఫ్రాన్స్‌లో మళ్లీ గెలిచాడు. ఆ రోజు అతని వెనకే రెండో స్థానంలో వచ్చినవాడు హువాన్ మాన్యుయెల్ కొరియా. ఈక్వెడార్‌లో పుట్టిన అమెరికన్ కుర్రాడు. ఇద్దరూ ఒకే వేదిక మీద నిలబడి ట్రోఫీలు అందుకున్నారు.

రెండు నెలలు తిరిగేసరికి ఆ ఇద్దరి పేర్లూ మళ్లీ ఒకే వార్తలో కనిపించాయి. ఈసారి ట్రోఫీల కోసం కాదు.

14.6 సెకన్లు

ఆగస్టు 31, శనివారం. బెల్జియంలోని స్పా ట్రాక్. కొండ ఎక్కినట్టు పైకి లేచే రైడియోన్ మలుపు అక్కడ చాలా ఫేమస్. కింద నుంచి చూస్తే పైన ఏముందో కనపడదు. అయినా కుర్రాళ్లు యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయరు.

పందెం రెండో ల్యాప్. ముందు జూలియానో అలెసి కారు అదుపు తప్పి గోడను కొట్టుకుంది. వెనక వస్తున్న రాల్ఫ్ బోషుంగ్ వేగం తగ్గించాడు. అతని వెనకే ఉన్న హుబెర్ తప్పించుకోబోయి బోషుంగ్ కారుకు తగిలాడు. అక్కణ్నుంచి పక్కనున్న అడ్డుగోడను గుద్దుకుని కారు తిరిగి ట్రాక్ వైపు వచ్చి పడింది. సరిగ్గా అప్పుడే కొండ మీదకొచ్చిన కొరియా కారు, హుబెర్ కారు పక్క భాగాన్ని గంటకు 218 కిలోమీటర్ల వేగంతో ఢీకొట్టింది.

మొదటి కారు అదుపు తప్పినప్పటి నుంచి ఇదంతా ముగిసేవరకూ పట్టిన సమయం 14.6 సెకన్లు. హుబెర్ ఆ సాయంత్రమే కన్నుమూశాడు. ఇంకో మూడు వారాలైతే అతనికి ఇరవైమూడో పుట్టినరోజు.

పందెం ఆపేశారు. ఆదివారం జరగాల్సినదీ రద్దు చేశారు. కొరియా రెండు కాళ్లూ నుజ్జయ్యాయి. ఊపిరితిత్తులు మొరాయించడంతో డాక్టర్లు అతన్ని మందులతో కోమాలో ఉంచాల్సి వచ్చింది.

ఎవరిది తప్పు? అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య నెలల తరబడి విచారణ జరిపింది. 2020 ఫిబ్రవరిలో వివరాలు చెప్పింది. ఫలానావాడి తప్పు అని వేలెత్తి చూపించడానికి ఏమీ దొరకలేదు. ఒకదాని వెనక ఒకటిగా జరిగిపోయిన సంఘటనల గొలుసు అది. పసుపు జెండాలు చూసి డ్రైవర్లు స్పందించాల్సినట్టే స్పందించారని తేల్చింది. తప్పు ఎవరిదీ కాకపోయినా ప్రాణం పోయింది. రేసింగ్‌లో అన్నిటికంటే భయపెట్టే విషయం అదే.

స్నేహితుడి గెలుపు

మర్నాడు అదే ట్రాక్ మీద ఫార్ములా వన్ పందెం. మొదలయ్యే ముందు డ్రైవర్లంతా మౌనంగా నిలబడ్డారు. హుబెర్ తల్లి, సోదరుడు కూడా అక్కడే ఉన్నారు. హుబెర్ కారు నంబరు 19. అందుకే పందొమ్మిదో ల్యాప్ రాగానే స్టాండ్లలో ఉన్న ప్రేక్షకులు లేచి చప్పట్లు కొట్టారు.

ఆ రోజు గెలిచింది షార్ల్ లెక్లెర్క్. వయసు 21. ఫార్ములా వన్‌లో అతనికదే తొలి విజయం. చిన్నపిల్లలు నడిపే కార్టింగ్ రోజుల నుంచి హుబెర్, లెక్లెర్క్, పియర్ గాస్లీ స్నేహితులు. జీవితమంతా ఎదురుచూసిన గెలుపు దక్కిన రోజున లెక్లెర్క్ సంబరాలు చేసుకోలేదు. ఆ విజయాన్ని స్నేహితుడికి అంకితమిచ్చాడు. ఏడాది తర్వాత మోంజాలో గాస్లీ తన తొలి ఫార్ములా వన్ పందెం గెలిచాడు. ముగ్గురు స్నేహితుల్లో ఇద్దరి కల తీరింది.

ఆగని బండి

స్పా ముగిసిన వారానికే ఇటలీలోని మోంజాలో మళ్లీ పందేలు. ఆర్డెన్ జట్టు తత్యానా కారు ఒక్కటే దించింది. రెండోది లేదు. కొరియా జట్టులో అతని సహచరుడు కాలమ్ ఇలట్ క్వాలిఫయింగ్‌లో అందరికంటే వేగంగా నడిపి పోల్ పొజిషన్ సాధించాడు. కళ్లముందు అంత ఘోరం చూసి వారం తిరక్కుండానే అదే కార్లో కూర్చుని కాలు పూర్తిగా తొక్కడానికి ఎంత గుండె కావాలో ఊహించుకోవాల్సిందే.

సెప్టెంబరు 28న రష్యాలోని సోచిలో గెలిచి డి వ్రీస్ టైటిల్ ఖాయం చేసుకున్నాడు. సీజన్ ముగిసేసరికి అతనికి 266 పాయింట్లు, లతీఫీకి 214, ఇటలీ డ్రైవర్ లూకా గియొట్టోకి 207. చివరి మూడు చోట్లా నడపని హుబెర్, 77 పాయింట్లతో పదో స్థానంలో నిలిచాడు!

ఇప్పుడు మొదట్లో చెప్పుకున్న తిరకాసు దగ్గరికి వద్దాం. 2020లో ఫార్ములా వన్ సీటు ఎవరికి దక్కింది? రెండో స్థానంలో వచ్చిన లతీఫీకి. విలియమ్స్ జట్టు తీసుకుంది. ఛాంపియన్ డి వ్రీస్‌కి ఎక్కడా ఖాళీ దొరకలేదు. అతను కరెంటు కార్ల పోటీ ఫార్ములా ఈకి వెళ్లి 2021లో అక్కడ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 2023లో ఎట్టకేలకు ఫార్ములా వన్ జట్టులో చోటిస్తే, పది పందేలు కాగానే తప్పించారు.

బహ్రెయిన్‌లో బారులు తీరిన ఆ ఇరవై మందిలో ఫార్ములా వన్ పందెంలో నడిపినవాళ్లు ఆరుగురే. అందులో ఒకరు నడిపింది ఒక్క పందెం. చైనా నుంచి వచ్చిన తొలి ఫార్ములా వన్ డ్రైవర్ గ్వాన్యూ జో అందరికంటే ఎక్కువకాలం నిలిచాడు. 2024తో అతని సీటూ పోయింది. 2025 సీజన్ మొదలయ్యేసరికి ఆ బ్యాచ్‌లో ఒక్కరు కూడా ఫార్ములా వన్ గ్రిడ్‌లో లేరు. పదిహేను కోట్లు పెట్టినా, ప్రాణం పణంగా పెట్టినా దక్కే ఫలం ఇంతే!

మిగిలినవి

అయితే ఆ సీజన్ వృథా పోలేదు. ఫార్ములా టూలో 19 నంబరును మరెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టేశారు. కొత్తగా వచ్చిన డ్రైవర్లలో మేటికి ఏటా హుబెర్ పేరిట అవార్డు ఇస్తున్నారు. మొదటిది గ్వాన్యూ జోకే దక్కింది. 2022 నాటికి స్పా ట్రాక్‌ని మార్చారు. రైడియోన్ దగ్గర ట్రాక్ పక్కన ఖాళీ జాగా పెంచారు. అదుపు తప్పిన కారు వేగాన్ని తగ్గించేందుకు కంకర పరిచారు. తన తర్వాత అక్కడ నడిపే కుర్రాళ్లకి హుబెర్ ఇచ్చి వెళ్లిన రక్షణ అది.

మరి కొరియా? కుడికాలు తీసేయాల్సి రావచ్చన్నారు డాక్టర్లు. అతను ఒప్పుకోలేదు. కాలు నిలబెట్టడానికి జరిగిన ఒక్క ఆపరేషనే పదిహేడు గంటలు పట్టింది. నెలల తరబడి చక్రాల కుర్చీలో గడిపాడు. మళ్లీ నడక నేర్చుకున్నాడు. 2021 మేలో ఒక మెట్టు దిగి ఫార్ములా త్రీలో కారెక్కాడు. 2023లో మళ్లీ పూర్తికాలపు డ్రైవరుగా ఫార్ములా టూకి వచ్చాడు. స్పాలో మళ్లీ ఆ కొండ ఎక్కాడు.

అతను ఫార్ములా వన్‌కి చేరలేదు. కానీ ప్రమాదం జరిగిన చోట అతని ప్రయాణం ఆగిపోలేదు. పిల్లల ర్యాంకుల కోసం హైరానా పడే అమ్మానాన్నలకి ఆ ఇరవై మంది కథలో పనికొచ్చే మాట ఒకటుంది. చివరి మెట్టు దాకా వెళ్లినవాళ్లందరికీ పైన కుర్చీ ఉండదు. అది దొరకనంత మాత్రాన ఎక్కిన మెట్లు లెక్కలోంచి పోవు.