ఊరి నడుమ చిందు

మద్నూరు మహారాష్ట్ర, కర్ణాటకముల సరిహద్దున నున్నది. 2016లో కామారెడ్డి జిల్లా యేర్పడువరకు అది నిజామాబాదు జిల్లాలోనిదే. ఆ పాతజిల్లాలో, బోధను చెంతనున్న ఆమ్దాపూరు చిందుల యెల్లమ్మగారి యూరు. ఆమెనుగూర్చి యీ మాసము మా సోదరీమణులతో నాలుగు మాటలు ముచ్చటింపదలచితిమి.

చిందు భాగవతమునకు నాటకశాల యక్కరలేదు. ఊరి నడుమ చదునైన నేల, ఒక తెర, మద్దెల, తాళములు చాలును. తేలికకఱ్ఱతో చేసిన కిరీటమును, భుజకీర్తులను పెట్టెనుండి తీసి, ముఖమునకు రంగులు తామే పూసికొని, కుటుంబమంతయు రాత్రి పొడుగునను పాడుచు ఆడును. కూచిపూడి మేళములలో సత్యభామ వేషమును సైతము పురుషులే కట్టుచుండిన దినములలో చిందువారి స్త్రీలు గజ్జె కట్టిరి. యెల్లమ్మగారు పురుషవేషములను గూడ ధరించిరి. బాల్యమున కట్టిన గజ్జెను వార్ధక్యమువరకు విడువలేదు. ఇట్టి స్త్రీ పేరు మన బాలికలలో ఎందఱెఱుగుదురు?

అమెరికాలో గిటారు వాయించు వృద్ధగాయకులు నేడు చిన్న పానశాలలలో పాడుచున్నను, వినువారు చీటి కొని లోనికి పోవుదురు. చిందునకు చీటి లేదు. చిందువారు మాదిగల నాశ్రయించి, వారికి జాంబపురాణము వినిపించి, వంశపారంపర్యముగా తమకు హక్కున్న యూళ్లలో త్యాగము పుచ్చుకొనెడివారు. ఇల్లాలు చేటలో తెచ్చి పోసిన గింజలే వారి జీతము. సినిమాలు, టెలివిజను వచ్చినపిదప ఆ చేట వాకిలి దాటుట తగ్గినది.

యెల్లమ్మగారికి ముదిమిలో హంస పురస్కారము లభించినది. ఆమె 2005లో గతించిరి. చిందు యక్షగాన కళాకారులు గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ వచ్చినది. సంతోషమే. కాని 2022లో పద్మశ్రీ నందుకొనిన కిన్నెర మొగులయ్యగారు 2024లో హైదరాబాదు చెంత కూలిపని చేయుచుండిరని పత్రికలు వ్రాసినవి. శాలువ కప్పినంత సులభముగా బియ్యము కొలువరు గదా!

మీ యింట పెండ్లికో, ఊరి జాతరకో మేళము పిలువదలచినచో చిందువారిని తలపునకు తెచ్చుకొనుడు. పారితోషికము ముందే మాటాడి, సగము చేతికిండు. వారు పిల్లాపాపలతో కుటుంబముగా వత్తురు. రాత్రి భోజనము, పసివాండ్రకు పాలు, ఆట ముగిసినపిదప పరుండుటకు చాపలు సిద్ధముగా నుంచుడు. ఆడపిల్లలను వెనుక వసారాలోగాక మద్దెలకు దగ్గఱగా కూర్చుండబెట్టుడు.