వెతుక్కోనివ్వండమ్మా!

బళ్ళో ఇచ్చే హోమ్‌వర్కుల్లో నాకు నచ్చేది ఒక్కటే. నాలుగు ఇంగ్లీషు అక్షరాలో, ఓ పెద్ద మాటో ఇచ్చి, అందులోంచి ఎన్ని మాటలు వస్తాయో రాసుకు రమ్మంటారు. ఇప్పుడు అదీ పిల్లలు చెయ్యడం లేదు. సెల్‌ఫోనులో అక్షరాలు కొడితే చాలు, మాటలు బిలబిలమంటూ రాలిపడుతున్నాయి. తల్లి చెప్తుంది, పిల్ల ఎక్కించుకుంటుంది, టీచరు 'గుడ్' అని పెడుతుంది. అందరూ సుఖమే. నాకు మాత్రం ఒళ్ళు మంట!

"ఊరికే దొరికేదానికి గంటసేపు బుర్ర బద్దలు కొట్టుకోవడం దేనికండీ? ఆ టైములో లెక్కలు చేసుకోవచ్చుగా?" అంది మా పక్కవాటా ఆవిడ. ఆవిడకీ, ఆవిడలాంటి వాళ్ళందరికీ ఇదే నా జవాబు.

ఏ, ఈ, టీ అనే మూడక్షరాలు తీసుకోండి. 'ఈట్', 'ఏట్', 'టీ' వస్తాయి. తినడం, తినేయడం, ఆ పైన టీ! ఎస్, టీ, ఓ, పీ ఇస్తే ముందు 'స్టాప్' తడుతుంది. అటూ ఇటూ తిప్పితే 'పోస్ట్', 'స్పాట్', 'పాట్స్'. ఆగమన్న మాటలోంచే టపా, మచ్చ, కుండలు! 'లిజన్' అక్షరాలు మార్చి పేరిస్తే 'సైలెంట్' అవుతుంది. వినమనడానికీ, నోరు మూసుకోమనడానికీ అవే అక్షరాలు! యీ రెండూ ఒకటేనన్న సంగతి మన ఆడవాళ్ళకి ఇంగ్లీషు రాకముందే తెలుసనుకోండి.

ఇది తనంతట తాను కనిపెట్టిన పిల్ల పకపకా నవ్వుతుంది. ఆ మాట ఇక జన్మలో మరిచిపోదు. ఫోను నవ్వుతుందా? ఇలాంటి యంత్రాల మామూలు కిటుకు ఒకటుంది. నిఘంటువులో ప్రతి మాట అక్షరాలనూ ఏ, బీ, సీ, డీల వరుసలో పేర్చి పెట్టుకుంటాయి. మనమిచ్చినవీ అలాగే పేర్చి, సరిపోయినవన్నీ మన మొహాన పడేస్తాయి. తిండికీ టీకీ తేడా వాటికక్కర్లేదు.

"అర్థం తెలియకుండానే ఛాంపియనైన వాళ్ళున్నారు కదా" అంటారేమో. ఉన్నారు. న్యూజిలాండుకి చెందిన నైజెల్ రిచర్డ్స్ 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ పోటీలో ప్రపంచ విజేత అయ్యాడు. ఆయనకి ఫ్రెంచి మాట్లాడటం రాదు! అయితే ఆ మాటలన్నీ ఆయన తన బుర్రలో మోసుకెళ్ళాడు, జేబులో కాదు. పైగా మనకి కావలసింది పోటీలో గెలిచే పిల్లలు కాదు, నలుగురిలో నోరు విప్పి మాట్లాడే పిల్లలు.

అసలా స్క్రాబుల్‌నే చూడండి. 1930ల్లో అమెరికాలో పనులు దొరకని ఆల్‌ఫ్రెడ్ బట్స్ అనే ఆర్కిటెక్టు, పత్రికల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో చేత్తో లెక్కపెట్టి ఆ ఆట తయారుచేశాడు. అందులో 'ఈ' బిళ్ళలు 12, ఒక్కోదానికి 1 పాయింటు. 'క్యూ' ఒక్కటే, దానికి 10. కష్టపడి ఇమడ్చవలసిన అక్షరానికే విలువ ఎక్కువ. యీ ధర్మం వంటింట్లో మనకి కొత్తా?

ఇంకో మాట. తెలుగు మీడియంలో చదివిన తల్లులు పిల్లల ఇంగ్లీషు పుస్తకం చూసి బెదిరిపోతారు. వ్యాకరణం అడిగితే జంకుతారు. కానీ యీ అక్షరాల ఆటలో మాత్రం తల్లీ పిల్లా సమానమే. పప్పులో రాళ్ళేరే కళ్ళకి మాటలేరడం ఓ లెక్కా? పిల్లకి తట్టనిది అమ్మకి తట్టినప్పుడు, "అమ్మా, నీకెలా తెలుసే!" అంటుంది చూడండి, ఆ గౌరవాన్ని చేజేతులా తీసుకెళ్ళి ఫోనుకి ధారపోస్తామా?

ఫోను గూట్లో పెట్టండి. తెల్లకాగితం, పెన్సిలు తీసుకుని పిల్ల పక్కన కూచోండి. ఆరు మాటలే దొరికితే ఆరే రాయనివ్వండి. "ఇంతేనా?" అని టీచరు అడిగితే, "ఇవి మేం వెతుక్కున్నవండీ" అని తలెత్తి చెప్పమనండి.