సీపీయూలో చాయ్ పడితే...

లీవు శాలరీ లెక్కల గురించి ఈ వారం రాస్తానని చెప్పాను. అది వచ్చే వారానికి వాయిదా. మా ఆఫీసులో జరిగిన ఒక సంగతి ముందు చెప్పాలి. ఇలాంటిది రేపు మీ టేబుల్ దగ్గరా జరగవచ్చు.

మబేలా సనాయాలో మా ఆఫీసు ఎలా ఉంటుందో ఇక్కడ పనిచేసే వాళ్ళకు చెప్పనక్కర్లేదు. కింద వర్క్‌షాపు, పైన రెండు గదులు, నాలుగు కంప్యూటర్లు. ఫైళ్ళు, ఇన్వాయిసులు, బతాకా జిరాక్సులు పోను టేబుల్ మీద చాయ్ కప్పు పెట్టుకునే జాగా ఉండదు. అందుకని కప్పులన్నీ సీపీయూ డబ్బా నెత్తిమీదికి ఎక్కుతాయి. నేనూ అక్కడే పెట్టేవాణ్ణి. నాలుగేళ్ళుగా ఏమీ కాలేదు కదా అని ధైర్యం.

పోయిన నెల ఆఖరి గురువారం సాయంత్రం. మా టైమ్‌కీపర్ నిజామాబాద్ జిల్లా కుర్రాడు, వచ్చి ఎనిమిది నెలలైంది. అరవై మంది ఓవర్‌టైమ్ షీటు ఎంట్రీ చేస్తున్నాడు. అది రాత్రికి పూర్తయితేనే జీతాల ఫైలు బ్యాంకుకు వెళ్తుంది. నేను అవతలి గదిలో ప్రింటర్ దగ్గర ఉన్నాను. కాసేపటికి వచ్చి నిలబడ్డాడు.

"అన్నా, సిస్టమ్ ఆన్ అయితలేదు."

"ఏమైందిరా?"

"ఏమో అన్నా, దానంతట అదే బందైంది."

వెళ్ళి చూశాను. వైర్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. బటన్ నొక్కుదామని వంగితే డబ్బాలోంచి ఇలాచీ వాసన! కరక్ చాయ్ వాసన.

"చాయ్ ఏడ పడ్డది?"

వాడు తల దించుకున్నాడు. "మీద పడ్డదన్నా. కొంచెమే. తుడిచిన."

"ఎంతసేపైంది?"

"పది నిమిషాలైతది."

ఈ పది నిమిషాల్లో ఏం జరిగిందో తర్వాత అడిగి తెలుసుకున్నాను. కింది రిజిస్టర్ లాగబోతే మోచెయ్యి తగిలి కప్పు ఒరిగింది. డబ్బా పైన ఫ్యాను గాలి పోవడానికి జాలీ ఉంటుంది, అందులోంచి చాయ్ లోపలికి దిగింది. వాడు అటూ ఇటూ చూశాడు, ఎవరూ లేరు. టిష్యూ పేపరుతో పైన తుడిచి మళ్ళీ పనిలో పడ్డాడు. రెండు నిమిషాలకు స్క్రీన్ నల్లబడింది. భయంతో పవర్ బటన్ మూడుసార్లు నొక్కాడు. మూడోసారి లోపల చిటపటమని చప్పుడొచ్చింది.

నేను చేసిన మొదటి పని గోడ స్విచ్ ఆపి, వెనక ప్లగ్గు పీకడం. ఈ సంగతి చాలామందికి తెలియదు. మనం షట్‌డౌన్ చేసినా కంప్యూటర్ పూర్తిగా ఆగదు. 1995లో వచ్చిన ఏటీఎక్స్ పద్ధతి డెస్క్‌టాప్‌లన్నిటిలోనూ, ప్లగ్గు ఉన్నంతసేపు మదర్ బోర్డుకు 5 వోల్టుల కరెంటు అందుతూనే ఉంటుంది. ముందున్న బటన్ నొక్కగానే మేలుకోవడానికే ఆ ఏర్పాటు. తడిసిన బోర్డుకు ఆ 5 వోల్టులు చాలు. కాబట్టి షట్‌డౌన్ అయ్యేదాకా ఆగొద్దు, ఫైలు సేవ్ చేద్దామని చూడొద్దు. చేతులు పొడిగా ఉంటే గోడ స్విచ్ ఆపి ప్లగ్గు తీయాలి. స్విచ్ బోర్డు దగ్గరే తడి ఉంటే దాని జోలికి పోకుండా మెయిన్ ఆపాలి. అక్కడ ఉన్నది 240 వోల్టులు. మధ్యలో యూపీఎస్ ఉంటే ఇంకో చిక్కు. గోడ స్విచ్ ఆపినా అది బ్యాటరీ మీద కరెంటు ఇస్తూనే ఉంటుంది, అందుకని సీపీయూ వెనక వైరే తీయాలి. తీశాక పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు కూడా చాలావరకు పోతుంది.

వాడి పట్టరాని భయం చూసి నాకు కోపం కూడా రాలేదు. జీతం 150 రియాళ్ళు. ఊళ్ళో ఏజెంటుకు కట్టిన అప్పు సగం కూడా తీరలేదు. ఆ సిస్టమ్ ఖరీదు వాడి నెల జీతం కంటే ఎక్కువ. ఇంతకుముందు పనిచేసిన చోట ఒక హెల్పర్ చేతిలో బండి అద్దం పగిలితే మూడు నెలలు కోసుకున్నారట, అది కళ్ళారా చూశాడు. "చెప్తే పంపించేస్తరేమో అనుకున్న అన్నా" అన్నాడు. ఈ మాట మనలో ఎవరికి కొత్త? పదేళ్ళ కింద నేను బిల్ బుక్కు పోగొట్టి వారం రోజులు దాచాను. ఆ కథ ఇప్పుడొద్దు.

కానీ యంత్రానికి మన భయం తెలియదు. తడిసిన బోర్డులో కరెంటు పారుతుంటే అక్కడి లోహం కరిగి పచ్చగా, తెల్లగా తుప్పులా పేరుకుంటుంది. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ పిన్నుల మీద పచ్చటి బూజులాంటిది చూస్తాం కదా, కాస్త అలాంటిదే. కరెంటు లేకపోతే ఇది నెమ్మదిగా జరుగుతుంది. కరెంటు ఉంటే నిమిషాల్లో మొదలవుతుంది. చాయ్ పడటం వల్ల పాడయ్యే సిస్టమ్‌ల కంటే, పడ్డాక "పని చేస్తుందా" అని ఆన్ చేసి చూడటం వల్ల పాడయ్యేవే ఎక్కువని నా అనుమానం.

పడింది ఏమిటన్నది కూడా ముఖ్యమే. మంచినీళ్ళయితే ఆరిపోయాక పెద్దగా ఏమీ మిగలదు. చక్కెర లేని సులేమానీ అయితే కొంత నయం. మన కరక్‌లో డబ్బా పాలు, చక్కెర రెండూ దండిగా ఉంటాయి. నీరు ఆరినా ఆ జిగురు బోర్డు మీదే ఉండి గాలిలో తేమను లాక్కుంటుంది, దుమ్మును పట్టుకుంటుంది. రెండు వారాలు బాగానే నడిచి మూడో వారం ఆగిపోయే సిస్టమ్‌లు ఇలాంటివే. కోలాలో అయితే చక్కెరతో పాటు ఫాస్ఫారిక్ ఆమ్లం కూడా ఉంటుంది. లబన్ గురించి ఊహించుకోండి.

సరే, ఆ రాత్రి సంగతి. ప్లగ్గు తీశాక నేను వాణ్ణి తీసుకుని నేరుగా మేనేజర్ గదికి వెళ్ళాను. మెట్ల దగ్గర వాడు నా చెయ్యి పట్టుకుని, "అన్నా, కరెంటు వల్ల పోయిందని చెప్దామా?" అన్నాడు. "రేపు డబ్బా విప్పితే ఇలాచీ వాసన ఎవరు దాస్తర్రా?" అన్నాను. లోపలికి వెళ్ళి వాడే చెప్పాడు. హిందీలో, తడబడుతూ, చాయ్ పడిందని, తానే బటన్ నొక్కానని. మేనేజర్ కాసేపు కేకలేశాడు. వేయకుండా ఎలా ఉంటాడు? తర్వాత అడిగిన మొదటి ప్రశ్న సిస్టమ్ గురించి కాదు, "ఓవర్‌టైమ్ షీటు ఉందా?" అని.

యజమానికి కావలసింది ఆ డబ్బా కాదు, అందులోని లెక్క. కాబట్టి ముందు కాపాడాల్సింది హార్డ్ డిస్కును. మేనేజర్ ఒప్పుకున్నాక, మేం ఎప్పుడూ పిలిచే కంప్యూటర్ షాపు మలయాళీ టెక్నీషియన్‌ను పిలిపించాం. కంపెనీ డబ్బాను అనుమతి లేకుండా మనం విప్పకూడదు. విప్పితే మొదటి తప్పుకు రెండోది తోడవుతుంది. ఆయన వచ్చి, వైర్లు పీకేముందు ఫోనులో ఫొటో తీసుకుని, హార్డ్ డిస్కు బయటికి తీశాడు. అదృష్టం, అది కింద ముందువైపు పొడిగా ఉంది. ఇంకో సిస్టమ్‌కు తగిలిస్తే ఫైలు దొరికింది, కానీ సాయంత్రం నాలుగున్నర దాకా సేవ్ చేసినదే. మిగతా ఇరవై మూడు మందిది వాడు చేతి రిజిస్టర్ చూసి మళ్ళీ కొట్టాడు. రాత్రి పదకొండున్నర అయింది. నేను పక్కన కూర్చుని పేర్లు చదివాను. అరవై మందికీ జీతాలు తేదీకే పడ్డాయి, వాళ్ళలో ఎవరికీ ఈ సంగతి తెలియదు.

టెక్నీషియన్ పని చేస్తుంటే చూసి నేర్చుకున్నవి కొన్ని చెబుతాను. డబ్బాను ఒరిగించి, చాయ్ బోర్డు మీదికి కాకుండా బయటికి కారేలా పెట్టాడు. ర్యామ్ తీశాడు, నాణెం లాంటి 3 వోల్టుల సెల్లు కూడా తీశాడు. ప్లగ్గు పీకినా ఆ సెల్లు కరెంటు ఇస్తూనే ఉంటుందట. ఎస్‌ఎంపీఎస్ మీద నాలుగు చుక్కలు కనబడితే దాన్ని విప్పకుండా పక్కన పడేసి "కొత్తది వేయాలి" అన్నాడు. దాని లోపలి కెపాసిటర్లు ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు ప్రమాదకరమైన వోల్టేజి పట్టి ఉంచుతాయి. ఎంత తెలిసినవాడైనా దాన్ని ఇంట్లో విప్పకూడదు.

ఇక కడగడం. కంప్యూటర్‌ను కడగడమా అని మీరు నవ్వవచ్చు, నేనూ నవ్వాను. చక్కెర, పాలు కరగాలంటే నీళ్ళే కావాలి. అయితే కుళాయి నీళ్ళు పనికిరావు. మస్కట్‌లో మనకొచ్చేవి ఎక్కువగా సముద్రపు నీటిని శుద్ధి చేసినవే అయినా, తాగడానికి వీలుగా వాటిలో మళ్ళీ లవణాలు కలుపుతారు. డిస్టిల్డ్ వాటర్ కావాలి. అది ఎక్కడ దొరుకుతుందని అడిగితే ఆయన కిటికీలోంచి రోడ్డవతల గ్యారేజీ చూపించాడు. కారు బ్యాటరీల్లో పోసే నీళ్ళు! సనాయాలో అడుగడుగునా ఉన్నవే. సీసా మీద డిస్టిల్డ్ వాటర్ అనే ఉందా, బ్యాటరీ యాసిడా అన్నది మాత్రం చదివి తీసుకోవాలి. ఆ నీళ్ళలో మెత్తటి బ్రష్ ముంచి చాయ్ మరకలు తీశాడు. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఇంకోసారి తుడిచాడు. మందుల షాపులో ఎక్కువగా దొరికేది 70 శాతంది, అందులో మిగతాది నీరే. ఎలక్ట్రానిక్స్ షాపులో 99 శాతంది అడగాలి. అది పెట్రోలులా అంటుకుంటుంది కాబట్టి దగ్గర్లో సిగరెట్టు, హీటరు ఉండకూడదు.

ఆరబెట్టే దగ్గర మా రూమ్‌లో పెద్ద చర్చ జరిగింది. ఒకరు బియ్యంలో పెట్టమన్నారు. బియ్యం వల్ల బోర్డు తొందరగా ఆరదు, పైగా తవుడు, పిండి కనెక్షన్లలోకి పోతాయి. ఆ బియ్యం వండుకోవడం నయం. ఇంకొకరు మేడ మీద ఎండలో పెట్టమన్నారు. మబేలా ఎండలో ప్లాస్టిక్ వంకరపోతుంది, దుమ్ము సరేసరి. హెయిర్ డ్రయ్యర్ వేడి గాలీ వద్దు. ఇక్కడ సముద్రం పక్కనే కాబట్టి వేసవిలో బయటి గాలిలో తేమ కూడా ఎక్కువ. ఏసీ గదిలో, మామూలు ఫ్యాను కింద, రెండు రోజులు. అంతే. గురువారం రాత్రి పెట్టాం, శనివారం సాయంత్రం దాకా ఎవరూ ముట్టుకోలేదు.

కీబోర్డు సంగతి వేరు. తడిస్తే వైరు పీకి, బోర్లించి, ఆరబెట్టి చూడండి. పని చేయకపోతే కొత్తది కొనడమే. దాని కోసం ఎవరూ ఉద్యోగం పోగొట్టుకోరు. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పీకినంత మాత్రాన సరిపోదు, లోపల బ్యాటరీ ఉంటుంది. పవర్ బటన్ ఆగేదాకా నొక్కి పట్టుకుని, బోర్లించి, షాపుకు తీసుకెళ్ళాలి.

ఈ రెండు రోజులూ మా వాడు అన్నం సరిగ్గా తినలేదు. వాడికి ధైర్యం చెప్పడానికి ఒక విమానం కథ చెప్పాను, అది నిజంగా జరిగిందే. 2019 ఫిబ్రవరి 6న కాండోర్ అనే జర్మన్ కంపెనీ విమానం 326 మంది ప్రయాణికులతో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మెక్సికోలోని కాన్‌కున్‌కు వెళ్తోంది. అట్లాంటిక్ సముద్రం మీద ఉండగా కెప్టెన్ కాఫీ ఒలికింది. మూత లేని కప్పు. కప్పు స్టాండు ఉంది గానీ కంపెనీ ఇచ్చే కప్పు అందులో సరిగ్గా పట్టదు, అందుకని ట్రే మీద పెట్టారు. కాఫీ రేడియో మాటల ప్యానెల్‌లోకి దిగింది. ముందు మాట సరిగ్గా వినబడలేదు, తర్వాత ప్యానెల్ వేడెక్కి కాలిన వాసన, పొగ. కెప్టెన్ విమానాన్ని ఐర్లండ్‌లోని షానన్‌కు మళ్ళించి క్షేమంగా దించాడు. బ్రిటన్ దర్యాప్తు సంస్థ నివేదిక వచ్చాక బయటపడినదేమిటంటే, కంపెనీ ఇకమీదట అన్ని రూట్లలోనూ కప్పులకు మూతలు ఇవ్వాలని ఏర్పాటు చేసింది. అంత పెద్ద చదువు చదివిన వాళ్ళ చేతిలోనే ఒలికితే మనమెంత? మా వాడు అంతా విని, "ఆయన జీతంల కోసిన్రా అన్నా?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను.

కోత మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. ఒమన్‌లో 2003 నాటి కార్మిక చట్టం పోయి, 2023లో 53/2023 నంబరు రాజశాసనంతో కొత్త చట్టం వచ్చింది. నష్టం పేరు చెప్పి ఎవరైనా కాగితం మీద సంతకం అడిగితే, అది అరబీలో ఉంటే, చదివి చెప్పేవాళ్ళు దొరికేదాకా సంతకం పెట్టకండి. ఎంత మొత్తం, ఎన్ని నెలలు, దేనికోసం అన్నది రాసి ఉండాలి, ఒక కాపీ మీ దగ్గర ఉండాలి. మాట తేలకపోతే కార్మిక మంత్రిత్వ శాఖ ఉంది. మస్కట్‌లోని మన ఎంబసీ ఓపెన్ హౌస్‌లోనూ మన బాధ చెప్పుకోవచ్చు.

శనివారం సాయంత్రం టెక్నీషియన్ కొత్త ఎస్‌ఎంపీఎస్ వేసి, సెల్లు, ర్యామ్ పెట్టి, బటన్ మమ్మల్ని నొక్కమన్నాడు. మా వాడు నొక్కనన్నాడు. నేనే నొక్కాను. ఫ్యాను తిరిగింది, కాసేపటికి స్క్రీన్ వెలిగింది. కానీ రెండు ర్యామ్ స్లాట్లలో ఒకటి మాడిపోయింది, ముందున్న యూఎస్‌బీలు రెండూ చచ్చాయి. మాడిన చోటు చూపించి టెక్నీషియన్, "ఇది చాయ్ పని కాదు, తర్వాత బటన్ నొక్కారు చూడండి, దాని పని" అన్నాడు. మా వాడు ఏమీ మాట్లాడలేదు.

ఎస్‌ఎంపీఎస్‌కు తొమ్మిది రియాళ్ళయింది. మేనేజర్ సగం కంపెనీది, సగం వాడిది అన్నాడు. వోచర్ మీద అలాగే ఇంగ్లీషులో రాయించి, చదివి వినిపించాకే వాడు సంతకం పెట్టాడు. నాలుగున్నర రియాళ్ళు. కాపీ ఒకటి బతాకాతో పాటు పర్సులో పెట్టుకున్నాడు.

ఇప్పుడు మా గదిలో తలుపు పక్కన ఒక పాత స్టూలు వేశాం, కప్పులన్నీ దాని మీదే. మేనేజర్ మాత్రం ఇంకా తన సీపీయూ మీదే పెట్టుకుంటున్నాడు, ఆయనకు ఎవరు చెప్తారు? మా వాడు పెన్ డ్రైవ్ పెట్టాలన్నప్పుడల్లా టేబుల్ కిందికి దూరి సీపీయూ వెనక వెతుక్కుంటున్నాడు.