పాత నెట్‌వర్కులు మూతపడుతున్నాయి.. మీ ఫోన్ అక్కడ మోగుతుందా?

మెడికల్ అయిపోతుంది, వీసా వస్తుంది, టికెట్ చేతికందుతుంది. ప్రయాణానికి రెండు రోజుల ముందు సెల్ షాపుకెళ్లి కొత్త ఫోన్ కొనడం మన ఊళ్లలో ఆనవాయితీ. షాపులో అడిగేవి మూడే: కెమెరా ఎట్లుంటది, బ్యాటరీ ఎంతసేపు వస్తది, ఈఎంఐ ఉందా? ‘గల్ఫ్‌లో పని చేస్తదా?’ అని అడిగితే ‘4జీ ఫోన్ కదన్నా, యాడికి పోయినా పని చేస్తది’ అంటారు.

ఆ మాట సగమే నిజం. గత కొన్నేళ్లుగా ఒక్కో దేశం పాత 2జీ, 3జీ నెట్‌వర్కులను మూసేస్తోంది. ఒక దేశం 2జీని ఆపితే, ఇంకో దేశం 3జీని ఆపుతోంది. మన దగ్గర బాగా నడిచే ఫోన్ అక్కడికెళ్లాక కాల్ పోకుండా, క్యాంపు గదిలో సిగ్నల్ రాకుండా మొరాయించవచ్చు. అప్పులు చేసి ప్రయాణమయ్యే మనిషికి పదివేలు పెట్టి కొన్న ఫోన్ అక్కరకు రాకపోవడం చిన్న నష్టం కాదు. అందుకే కొనే ముందు ఏం చూడాలో ఒకసారి వివరంగా చూద్దాం.

ఎక్కడ ఏది మూతపడింది?

ఫోన్ మాటలన్నీ గాల్లోని తరంగాల మీద నడుస్తాయి. ప్రతి కంపెనీకీ ప్రభుత్వం ఇచ్చే తరంగాలకు ఒక హద్దు ఉంటుంది. పాత 2జీ, 3జీలకు వాడుతున్న తరంగాలను ఖాళీ చేయిస్తే వాటిని 4జీకి, 5జీకి వాడుకోవచ్చు. మూసివేతలకు అసలు కారణం ఇదే.

యూఏఈలో 2జీని 2022 చివరికల్లా ఆపేయాలని అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ నిర్ణయించింది. సింగపూర్ 2017లోనే 2జీని ఆపింది, 2024లో 3జీని కూడా మూసేసింది. మలేషియాలో 2021 చివరికి 3జీ మూతపడింది, 2జీని మాత్రం ఉంచారు. ఒమన్ 2024లో దశలవారీగా 3జీని ఆపడం మొదలుపెట్టింది. ఖతార్ 3జీకి 2025 డిసెంబర్ 31ని ఆఖరి గడువుగా పెట్టింది.

మన దేశం సంగతి వేరు. ఎయిర్‌టెల్ 3జీని ఆపేసి 2జీని ఉంచుకుంది. జియోకు మొదటి నుంచీ 2జీ, 3జీ లేనే లేవు. అంటే అన్ని దేశాలూ ఒకే దారిలో లేవు. ఇంట్లో పెద్దవాళ్లు వాడే 2జీ బటన్ ఫోన్ ఎయిర్‌టెల్ సిమ్‌తో మన ఊళ్లో నిక్షేపంగా మోగుతుంది. అదే ఫోన్ సింగపూర్‌లో టార్చిలైటుకు తప్ప ఎందుకూ పనికిరాదు.

నెట్ వస్తుంది, కాల్ పోదు

‘2జీ, 3జీ పోతే పోనీ, నాది 4జీ ఫోనే కదా’ అనుకోవచ్చు. చాలామంది చిక్కుకునేది ఇక్కడే. 2జీ, 3జీలలో మాటకు విడిగా ఒక దారి ఉండేది. 4జీని మొదట డేటా కోసం తయారు చేశారు. దాని మీద మాట నడవాలంటే వోల్టీ అనే సౌకర్యం కావాలి. వోల్టీ లేని ఫోన్ కాల్ వచ్చినప్పుడల్లా 3జీకో, 2జీకో దిగి మాట్లాడుతుంది. ఆ రెండూ మూతపడ్డ చోట దిగడానికి మెట్టే ఉండదు. అందుకే యూట్యూబ్ ఆడుతుంది, కాల్ మాత్రం పోదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఫోన్‌లో వోల్టీ ఉందని డబ్బా మీద రాసి ఉంటే సరిపోదు. ఆ మోడల్‌కూ అక్కడి నెట్‌వర్కుకూ పొత్తు కుదరాలి. ఏ దేశంలో ఏ కంపెనీ సిమ్‌కు వోల్టీ పని చేయాలో ఫోన్ తయారు చేసేవాళ్లే అందులో పెడతారు. మన మార్కెట్ కోసం చేసిన తక్కువ ధర ఫోన్‌లో జియో, ఎయిర్‌టెల్‌లకు అది ఉండి, అక్కడి కంపెనీకి లేకపోవచ్చు. జియోఫోన్, జియోభారత్ లాంటి బటన్ ఫోన్లయితే జియో సిమ్‌కే కట్టేసి ఉంటాయి. వేరే సిమ్ వేస్తే పని చేయవు. వాటిని అక్కడి సిమ్ కోసం తీసుకెళ్లి లాభం లేదు.

‘వాట్సాప్ ఉంది కదా, మామూలు కాల్‌తో పనేంటి’ అనే మాట కూడా వింటుంటాం. యూఏఈలో వాట్సాప్‌లో మెసేజ్‌లు వెళ్తాయి గానీ కాల్స్‌కు అనుమతి లేదు. బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌ల ద్వారానే మాట్లాడాలి. దొడ్డిదారిన వీపీఎన్ పెట్టి మాట్లాడే వాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. వీపీఎన్ సాయంతో నేరం చేసినట్టు తేలితే అక్కడి చట్టం ప్రకారం జైలు, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హామ్‌ల వరకు జరిమానా ఉన్నాయి.

అంతకన్నా ముఖ్యం ఆపద వేళ. సైట్‌లో ప్రమాదం జరిగితే పోలీసుకో, అంబులెన్సుకో చేసే కాల్ మామూలు కాలే. యూఏఈలోని మనవాళ్లకు సాయం చేసే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబర్ 80046342. దానికి డయల్ చేయాలన్నా అక్కడి సిమ్ మీద మామూలు కాల్ పోవాలి. జీతం ఆపినా, పాస్‌పోర్టు లాక్కున్నా చేతిలో మిగిలే ఆసరా ఆ ఒక్క కాల్. అది పోయే ఫోనే మీ దగ్గర ఉండాలి.

సిటీలో ఫుల్లు, క్యాంపులో నిల్లు

రెండో సమస్య బ్యాండ్లు. 4జీ అంటే ఒకటే దారి కాదు. ఒక్కో దేశం వేర్వేరు తరంగాలు వాడుతుంది, వాటికి నంబర్లు ఉంటాయి. మన దేశంలో 4జీ ఎక్కువగా 1, 3, 5, 8, 40, 41 బ్యాండ్ల మీద నడుస్తుంది. గల్ఫ్ దేశాల్లో ఎక్కువగా కనిపించేవి 3, 7, 20. మలేషియా, సింగపూర్‌లలో 3, 7, 8 వాడతారు.

3వ బ్యాండ్ రెండు వైపులా ఉంది కాబట్టి దాదాపు ఏ 4జీ ఫోనైనా గల్ఫ్‌లో ఎంతో కొంత పని చేస్తుంది. తేడా వచ్చేది 20వ బ్యాండ్ దగ్గర. అది 800 మెగాహెర్ట్జ్ తరంగం. తక్కువ తరంగాలు దూరం వెళ్తాయి, గోడలు దాటి లోపలికొస్తాయి. ఊరికి దూరంగా ఉండే సైట్లలో, ఎడారి రోడ్ల మీద, కాంక్రీటు క్యాంపు గదుల్లో ఆదుకునేది ఇలాంటి బ్యాండే. మన దేశంలో 20వ బ్యాండ్ వాడరు. అందుకే ఇక్కడ అమ్మే తక్కువ ధర ఫోన్లు చాలావాటిలో దాన్ని పెట్టరు. ఫలితంగా సిటీలో సిగ్నల్ ఫుల్లుగా ఉంటుంది, రాత్రి క్యాంపుకు చేరాక గీతలు పడిపోతాయి. పక్క మంచం మీది మనిషి అదే సిమ్‌తో హాయిగా మాట్లాడుతుంటే, మీరు మాత్రం గది బయటికొచ్చి నిలబడాల్సి వస్తుంది. సిమ్‌ను తిట్టుకుంటాం గానీ తప్పు ఫోన్‌లో ఉంటుంది.

ఇంకో సంగతి. ఒకే పేరున్న ఫోన్ ఇండియాకు ఒక రకంగా, వేరే దేశాలకు ఇంకో రకంగా తయారవుతుంది. పేరు చూసి మోసపోవద్దు. సెట్టింగ్స్‌లో ‘ఎబౌట్ ఫోన్’ తెరిస్తే మోడల్ నంబర్ కనిపిస్తుంది. ఆ నంబర్‌తో కంపెనీ సైట్‌లో వెతికితే బ్యాండ్ల జాబితా దొరుకుతుంది.

రెండు సిమ్‌లు ఎందుకు తప్పనిసరి?

అక్కడి సిమ్ ఒకటి ఎలాగూ కావాలి. ఇక్కడి సిమ్ కూడా బతికి ఉండాలి. బ్యాంకు ఓటీపీ, ఆధార్ ఓటీపీ, చిట్టీ, ఇంటి లోను మెసేజ్‌లు అన్నీ ఆ నంబర్‌కే వస్తాయి. విదేశీ నంబర్‌తోనే యూపీఐ వాడుకునేలా ఎన్నారై ఖాతాదారులకు 2023 జనవరిలో అనుమతి ఇచ్చారు. ఆ తొలి 10 దేశాల జాబితాలో సౌదీ, యూఏఈ, ఖతార్, ఒమన్ ఉన్నాయి. కడప, కోనసీమల నుంచి ఎక్కువ మంది వెళ్లే కువైట్ మాత్రం అందులో లేదు, బహ్రెయిన్ కూడా లేదు. ఇలాంటప్పుడు ఇక్కడి నంబర్ పోతే ఖాతాలో డబ్బున్నా తీయలేని పరిస్థితి వస్తుంది.

ప్రీపెయిడ్ సిమ్‌ను వరుసగా 90 రోజులు ఏ రకంగానూ వాడకపోతే కంపెనీ దాన్ని రద్దు చేయవచ్చు. ఖాతాలో కనీసం 20 రూపాయలుంటే వాటిని కోసుకుని మరో 30 రోజులు నంబర్‌ను ఉంచాలని ట్రాయ్ నిబంధన ఉంది. అయినా ప్యాకుల షరతులు కంపెనీకో తీరుగా ఉంటాయి, అడిగి తెలుసుకుని వెళ్లండి. రద్దయిన నంబర్‌ను కొన్నాళ్లకు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇంటర్నేషనల్ రోమింగ్‌ను విమానం ఎక్కకముందే ఆన్ చేయించుకోండి. అక్కడ దిగాక ఇండియా సిమ్ మీద డేటా రోమింగ్ ఆపేయండి, దానికి వచ్చే కాల్స్ ఎత్తకండి. లేకపోతే బ్యాలెన్స్ మంచులా కరిగిపోతుంది.

బంధువు పంపిన ఫోన్, సెకండ్ హ్యాండ్ ఫోన్

అమెరికాలో 2022 నుంచి అమ్ముతున్న ఐఫోన్ 14, ఆ తర్వాతి మోడళ్లకు సిమ్ పెట్టే సందే లేదు, అంతా ఇ-సిమ్. 2025లో వచ్చిన ఐఫోన్ 17ను గల్ఫ్ దేశాల్లోనూ అలాగే అమ్ముతున్నారు. సెలవుకు వస్తూ అమ్మానాన్నలకో, తమ్ముడికో తెచ్చే ముందు ఊళ్లో వాళ్లు వాడే సిమ్‌కు ఇ-సిమ్ దొరుకుతుందో లేదో కనుక్కోండి. మీ ఊళ్లో బీఎస్ఎన్ఎల్ టవర్ ఒక్కటే దిక్కయితే, దాని 4జీ నడిచే 1, 28 బ్యాండ్లు ఆ ఫోన్‌లో ఉండాలి.

వాయిదాల మీద అమ్మిన ఫోన్లు ఆ కంపెనీ సిమ్‌కే తాళం వేసి ఉండవచ్చు. కొన్ని ఫోన్లలో మొదటిసారి ఆ ప్రాంతపు సిమ్ వేసి కొన్ని నిమిషాలు మాట్లాడితే గానీ వేరే దేశం సిమ్ పని చేయదు. అలాంటి షరతు ఉంటే డబ్బా మీద స్టిక్కర్ ఉంటుంది. కొత్త ఫోన్‌లో ఇక్కడే సిమ్ వేసి, మాట్లాడి, ఆ తర్వాతే బ్యాగులో పెట్టుకోండి.

ఇక్కడ సెకండ్ హ్యాండ్ ఫోన్ కొంటే *#06# నొక్కండి, 15 అంకెల ఐఎంఈఐ నంబర్ వస్తుంది. కేవైఎం అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబర్ వేసి 14422కు మెసేజ్ పెడితే ఫోన్ వివరాలు వస్తాయి. దొంగ ఫోనని తేలితే కొనకండి. పరాయి దేశంలో దొంగ సొత్తుతో పట్టుబడితే ఏ మాట చెప్పినా వినరు.

కొనే ముందు ఈ ఆరు చూడండి

1. వెళ్లే దేశం, అక్కడ మనవాళ్లు వాడే సిమ్ కంపెనీ పేరు ముందు కనుక్కోండి.
2. మోడల్ నంబర్‌తో బ్యాండ్లు చూడండి. గల్ఫ్‌కు 3, 7, 20 ఉండాలి. మలేషియా, సింగపూర్‌లకు 3, 7, 8 ఉండాలి.
3. అక్కడ అదే మోడల్ వాడుతున్న మనిషిని అడగండి. కాల్ మాట్లాడుతుండగా పైన 4జీ గుర్తు అలాగే ఉంటే వోల్టీ నడుస్తున్నట్టు. 3జీకి, 2జీకి దిగిపోతుంటే లేనట్టు.
4. రెండు సిమ్‌లు పట్టే ఫోనే తీసుకోండి.
5. లాక్ ఉందా, స్టిక్కర్ ఉందా చూడండి.
6. బిల్లు తీసుకుని, బిల్లును, ఐఎంఈఐ నంబర్‌ను ఫొటో తీసి ఇంట్లో వాళ్లకు పంపండి.

ఇవన్నీ కుదరకపోతే ఖరీదైన ఫోన్ ఇక్కడ కొనకండి. ఇంట్లో ఉన్న 4జీ ఫోన్‌తోనే వెళ్లి, ఒకటి రెండు జీతాలు వచ్చాక అక్కడే కొనుక్కోవడం మేలు. అక్కడి మార్కెట్ కోసం చేసిన ఫోన్‌కు అక్కడి బ్యాండ్లు ఉంటాయి, రిపేరుకు అక్కడే వారంటీ దొరుకుతుంది.

చెప్పాల్సిన వాళ్లు చెప్పాలి

నెట్‌వర్కుల మూసివేత రాత్రికి రాత్రి జరిగేది కాదు. నెలల ముందే ప్రకటిస్తారు. ఆ ప్రకటనలు అరబిక్‌లో, ఇంగ్లిష్‌లో వస్తాయి, మన క్యాంపుల దాకా రావు. ఫోన్ మూగబోయిన రోజే మన మనిషికి సంగతి తెలుస్తుంది. తరంగాలు ఖాళీ చేయించిన లాభం కంపెనీలకు, కొత్త ఫోన్ ఖర్చు కూలీకి.

వెళ్లేవాళ్లకు విదేశాంగ శాఖ ఒక రోజు ముందస్తు శిక్షణ ఇస్తుంది. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ ఉన్నాయి. దేశం వారీగా ఏ నెట్‌వర్కు ఉంది, ఏది మూతపడింది, ఏ బ్యాండ్లు కావాలో ఒక పేజీలో తెలుగులో రాసి ఆ శిక్షణలో చేతికిస్తే చాలు. దానికి పెద్ద ఖర్చేమీ కాదు. వేలకు వేలు తీసుకునే ఏజెంట్లు కూడా టికెట్‌తో పాటు ఈ కాగితం ఇవ్వొచ్చు. మీరు శిక్షణకు వెళ్తే ఈ ప్రశ్న అడగండి. పదిమంది అడిగితే పదకొండో వాడికి కాగితం సిద్ధంగా ఉంటుంది.