పంతొమ్మిది పళ్లు, అడుగు తలుపు

మిషిగన్‌లో స్పోర్ట్స్ కారు ఉన్నవాడికి ఏడాదిలో ఏడు నెలలే కారు ఉన్నట్టు. మిగతా ఐదు నెలలూ అది గ్యారేజ్‌లో కవరు కప్పుకుని పడుకుంటుంది. అసలు సమస్య మంచు కాదు, ఉప్పు. మంచు కరగడానికి ఇక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ నగరం కిందే, సుమారు 1,100 అడుగుల లోతులో, వందేళ్లు దాటిన ఉప్పు గని ఒకటి ఉంది. అంటే మాకు ఉప్పుకి కొరత లేదు. ఆ ఉప్పునీళ్లు పాత కారు అడుగుభాగాన్ని చెదపురుగుల్లా తినేస్తాయి. అందుకే నవంబర్‌లో బండి లోపలికి వెళ్తే, ఏప్రిల్‌లో నాలుగు వానలు పడి రోడ్లు కడుక్కున్నాకే బయటికి వస్తుంది.

మరి ఆ ఐదు నెలలు ఏం చేస్తారు అంటే, విప్పుతారు. నాలాంటి వాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. పగలు ల్యాప్‌టాప్, రాత్రి పానా.

నాది 1994 మాజ్డా మియాటా. నాకంటే వయసులో పెద్దది. రెండే సీట్లు, పైకప్పు మడిచేయొచ్చు, హెడ్‌లైట్లు వేస్తే కప్ప కళ్లలా పైకి లేస్తాయి. 1989లో షికాగో ఆటో షోలో ఈ కారుని మొదటిసారి చూపించినప్పుడు, పాతకాలపు బ్రిటిష్ ఓపెన్ టాప్ కార్ల సరదా మళ్లీ వచ్చిందన్నారు. ఆ కార్ల లాగా నెలకోసారి మొరాయించకపోవడం దీని గొప్ప. బరువు సుమారు ఒక టన్నే. న్యూట్రల్‌లో పెడితే ఒక్క మనిషి తోసేయగలడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఈ చలికాలం నా ప్రాజెక్ట్ టైమింగ్ బెల్ట్. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇంజన్‌లో పిస్టన్లు పైకీ కిందికీ ఆడాలి, వాల్వులు తెరుచుకుని మూసుకోవాలి. ఈ రెండింటికీ తాళం కుదిర్చేది పళ్లున్న ఒక రబ్బరు బెల్ట్. ఈ కారుకి 60,000 మైళ్లకోసారి దాన్ని మార్చాలి. వాటర్ పంప్‌ని తిప్పేది వేరే బెల్టే గానీ, పంప్ తీయాలంటే ఈ టైమింగ్ బెల్ట్ విప్పాల్సిందే. కాబట్టి అంత దూరం విప్పినవాడు పనిలో పనిగా పంప్ కూడా మార్చేస్తాడు.

చదివితే మూడు లైన్ల పని. గ్యారేజ్‌లో మైనస్ 8 ఉన్నప్పుడు మూడు వారాంతాల పని.

చలి మనిషిని ఒక రకంగా, బండిని ఇంకో రకంగా ఇబ్బంది పెడుతుంది. పాత ప్లాస్టిక్ క్లిప్పులు అప్పడాల్లా విరుగుతాయి. రబ్బరు గొట్టాలు కర్రల్లా బిగుసుకుంటాయి. టైర్లలో గాలి తగ్గుతుంది. ఉష్ణోగ్రత పది ఫారెన్‌హీట్ డిగ్రీలు పడితే సుమారు ఒక పీఎస్ఐ పోయినట్టే. ఛార్జింగ్ అయిపోయిన బ్యాటరీ ఏకంగా గడ్డకట్టి పగిలిపోవచ్చు. అందుకని దాన్ని ముందే సన్నటి ఛార్జర్‌కి తగిలించి ఉంచాలి. ఇక కాంక్రీట్ నేల సంగతి. రెండు స్వెటర్లు వేసుకుని పడుకున్నా వీపులోంచి వేడి లాగేస్తుంది. కింద అట్టపెట్టె పరుచుకోవాలి. టీవీ వచ్చిన పెట్టె అయితే శ్రేష్ఠం. పది నంబర్ సాకెట్ చేతిలోంచి జారి ఇంజన్ సందులో పడితే మాత్రం దాన్ని వెతకడానికి గ్లవ్స్ తీయక తప్పదు. తీసిన రెండు నిమిషాలకి వేళ్లు మనవి కావు.

అయినా నేను చాలా జాగ్రత్తపరుణ్ణి. లేదా అలా అనుకునేవాణ్ణి.

జాక్ మీద ఉన్న బండి కిందికి ఒక్కసారి కూడా దూరలేదు. జాక్ ఎత్తడానికే, మోయడానికి కాదు. కింద గట్టి ఇనప స్టాండ్లు పెట్టి, బండిని అటూ ఇటూ ఊపి చూశాకే దూరేవాణ్ణి. విప్పిన ప్రతి బోల్ట్‌నీ కోడిగుడ్ల అట్టలో వరసగా పెట్టి, పక్కన పేరు రాశాను. విప్పే ముందు ఫోటో, విప్పాక ఫోటో.

బెల్ట్ ఎక్కించేటప్పుడైతే చెప్పక్కర్లేదు. ఈ ఇంజన్‌లో పైన రెండు చక్రాలుంటాయి. వాటి మీద గుర్తులుంటాయి. ఆ రెండు గుర్తుల మధ్య బెల్ట్‌కి సరిగ్గా 19 పళ్లు రావాలి. 18 కాదు, 20 కాదు. కోడ్ రాసేవాళ్లకి ఈ భయం బాగా తెలుసు. లెక్క సున్నా నుంచా, ఒకటి నుంచా అని ఒక్క అంకె తేడాలో కొంప మునిగిన రాత్రులు మాకందరికీ ఉన్నాయి. అందుకే మూడుసార్లు లెక్కపెట్టాను. ఒకసారి కంటితో, ఒకసారి తెల్ల పెన్నుతో చుక్కలు పెట్టి, ఒకసారి ఫోటో తీసి పెద్దది చేసి. తర్వాత ఇంజన్‌ని పానాతో చేత్తోనే రెండు పూర్తి చుట్లు తిప్పి మళ్లీ లెక్కపెట్టాను. పంతొమ్మిదే.

జనవరిలో ఒక ఆదివారం రాత్రి తొమ్మిదింటికి అంతా బిగించడం అయిపోయింది. మిగిలింది ఒక్కటే. కూలెంట్ కొత్తగా పోశాను కదా, లోపల చిక్కుకున్న గాలి బుడగలు పోవాలి. దానికి ఇంజన్ నడిపి, థర్మోస్టాట్ తెరుచుకునేదాకా వేడెక్కనివ్వాలి. ఆ చలిలో పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది.

బయట వాకిలి నిండా అడుగు మంచు. బండి బయటికి తియ్యాలంటే ముందు మంచు తొయ్యాలి. అరగంట పని. మర్నాడు పొద్దున్నే మీటింగ్. వేళ్లు అప్పటికే మొద్దుబారాయి. గ్యారేజ్ తలుపు అడుగు ఎత్తు లేపాను. బండి పొగ గొట్టం తలుపు వైపే ఉంది. పొగ బయటికే పోతుందిగా అనుకున్నాను. తాళం తిప్పాను.

మొదటి తిప్పుకే అందుకుంది. ఆ శబ్దం విన్న ఆనందం చెప్పలేను. మూడు వారాల పని సక్సెస్. వీడియో తీసి కాకినాడలో నాన్నకి పంపాను. రేడియేటర్ మూత దగ్గర నిలబడి బుడగలు చూస్తూ ఉన్నాను. కాసేపటికి తల కొంచెం బరువెక్కింది. చలికి అనుకున్నాను.

ఇక్కడ ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. గ్యారేజ్ మా ఇంటికి అతుక్కునే ఉంటుంది. దాని పైగదిలో మా అత్తయ్యగారు, మా రెండు నెలల పాప పడుకుంటారు. అత్తయ్యగారు పురిటికని ఆరు నెలలు ఉండేలా వచ్చారు. ఆవిడ వచ్చిన మొదటి వారంలోనే పప్పులో పోపు పెడితే పొగకి అలారం మోగి ఇల్లంతా అదిరిపోయింది. పాపం, భయపడిపోయారు. అప్పుడు మేమే నేర్పాం. "ఏం కాదు అత్తయ్యా, ఇక్కడ పోపుకి కూడా మోగుతుంది. టవల్‌తో విసరండి, బటన్ నొక్కండి, అదే ఊరుకుంటుంది" అని.

ఆ రాత్రి పైన అలారం మోగింది. ఆవిడ మేం నేర్పినట్టే చేశారు. బటన్ నొక్కారు. ఆగింది. కాసేపటికి మళ్లీ మోగింది. మళ్లీ నొక్కారు. మూడోసారి మోగినప్పుడు చంటిది నిద్ర లేస్తుందని విసుగొచ్చి, మెట్లు దిగి వచ్చి గ్యారేజ్ తలుపు తీశారు.

"బాబూ, పైన అది ఒకటే కీచుమంటోంది. వంటింట్లో పొయ్యి కూడా వెలగట్లేదు. ఒకసారి చూడకూడదూ?"

పొయ్యి వెలగట్లేదు అన్న మాటకి నా కాళ్లు చల్లబడ్డాయి. ఇంజన్ ఆపాను. పైకి పరిగెత్తాను. మా ఆవిడ పక్కగదిలో తలుపేసుకుని, ఫ్యాన్ చప్పుడులో ఆదమరచి నిద్రపోతోంది. తనని లేపి, పాపని దుప్పట్లో చుట్టి, అందరం చెప్పుల్లేకుండానే ఎదురింటికి పరిగెత్తాం. అక్కణ్ణుంచే 911కి ఫోన్ చేశాం. ఫైరింజన్ వచ్చింది. మీటర్లు పట్టుకుని లోపలికి వెళ్లారు. అంబులెన్స్ వాళ్లు అందరినీ, ముఖ్యంగా పాపని, పరీక్ష చేశారు. ఎవరికీ ఏమీ కాలేదు. తలుపులన్నీ తెరిచి, పెద్ద ఫ్యాన్ పెట్టి ఇంట్లోని గాలంతా బయటికి తోలాకే మమ్మల్ని లోపలికి పంపారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంజనీర్ని కదా, కారణం వెతుక్కున్నాను. దొరికినకొద్దీ సిగ్గేసింది. ఎందుకంటే అన్నీ నాకు తెలిసిన విషయాలే.

పెట్రోల్ సరిగ్గా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. దాంతో ఆక్సిజన్‌కి చోటుండదు. చల్లటి ఇంజన్‌కి ఎక్కువ పెట్రోల్ కావాలి. చిన్నప్పుడు చలికాలం పొద్దున్నే నాన్న చేతక్ స్కూటర్‌కి చోక్ లాగేది ఇందుకే. అంటే చల్లగా ఉన్నప్పుడే ఈ విషం ఎక్కువ. దాన్ని కార్బన్ డయాక్సైడ్‌గా మార్చడానికి కారు కింద కేటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. కానీ అది వందల డిగ్రీలు వేడెక్కితే గానీ పని మొదలుపెట్టదు. అంటే కాపలావాడు నిద్ర లేచే లోపే దొంగ ఇంట్లో ఉన్నాడు.

అన్నిటికన్నా పెద్దది ఇంకోటి. ఇంట్లో వేడి గాలి పైకి లేచి పై అంతస్తు సందుల్లోంచి బయటికి పోతుంటుంది. ఆ ఖాళీని నింపడానికి ఇల్లు కింది నుంచి గాలి పీల్చుకుంటుంది. బయట ఎంత చలి ఉంటే అంత గట్టిగా పీలుస్తుంది. అంటే ఆ రాత్రి మా ఇల్లే గ్యారేజ్‌లోని గాలిని గొట్టంలా పైకి లాగింది. అడుగు ఎత్తు తెరిచిన తలుపు పొగని పూర్తిగా బయటికి పంపలేదు. అసలు మొత్తం తెరిచినా నమ్మడానికి లేదు.

ఇప్పుడు లెక్క చూడండి. బెల్ట్‌లో ఒక పన్ను తేడా వస్తే మహా అయితే బండి సరిగ్గా లాగదు. మళ్లీ విప్పుకుంటాం. ఆ పొరపాటు జరక్కుండా నాలుగుసార్లు చూశాను. పైగదిలో ఇద్దరు పడుకున్నారన్న సంగతి మాత్రం ఒక్కసారి కూడా లెక్కలోకి తీసుకోలేదు. నా జాగ్రత్తంతా బండికే పోయింది. జాగ్రత్తగా ఉన్నానన్న ధీమాయే ఆ చివరి ఇరవై నిమిషాలకి కళ్లు మూసింది. చలిలో మనం తప్పుపని చెయ్యం, తొందరపని చేస్తాం. ఆ రెండూ ఒక్కటేనని ఆలస్యంగా తెలుస్తుంది.

ఇది మిషిగన్ కథే కదా అనుకోకండి. గాలి ఆడని బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్, మూసిన గదిలో బొగ్గుల కుంపటి, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఏసీ కోసం ఇంజన్ ఆన్‌లో పెట్టి కారులో కునుకు, కరెంటు పోతే బాల్కనీలో జనరేటర్. అన్నిట్లోనూ ఉన్నది ఇదే వాసన లేని దొంగ. తలనొప్పి, వికారం, మత్తు వస్తే ముందు బయటికి రండి. కారణం తర్వాత వెతకొచ్చు.

అమెరికాలో ఉన్నవాళ్లకి ఇంకో మాట. ఇక్కడి అలారాల్లో మూడేసి కూతలు నిప్పుకీ పొగకీ గుర్తు. నాలుగేసి కూతలు కార్బన్ మోనాక్సైడ్‌కి గుర్తు. ఈ సంగతి ఆ రాత్రి ఫైర్ వాళ్లు చెప్పేదాకా నాకు తెలియదు. మీ ఇంటికి అమ్మానాన్నలో అత్తమామలో వస్తే పోపుకి మోగుతుందని చెప్పి ఊరుకోకండి. ఎన్నిసార్లు కూస్తే ఏం చెయ్యాలో కూడా చెప్పండి. మా అత్తయ్యగారు తప్పేం చెయ్యలేదు. మేం చెప్పిన సగం మాటని పొల్లుపోకుండా పాటించారు.

తర్వాతి శనివారం వాకిట్లో మంచు తోశాను. అరగంట అనుకున్నది ఇరవై రెండు నిమిషాల్లో అయిపోయింది. బండిని న్యూట్రల్‌లో పెట్టి ఒక్కణ్ణే వాకిట్లోకి తోశాను, పది సెకన్లు పట్టింది. ఇంటికి దూరంగా, రోడ్డు అంచు దాకా తీసుకెళ్లి స్టార్ట్ చేశాను. మిగిలిన బుడగలన్నీ పోయాయి. ఇంజన్ గడియారంలా ఆడుతోంది. పైన కిటికీలోంచి అత్తయ్యగారు పాపని ఎత్తుకుని చూస్తున్నారు. చెయ్యి ఊపాను. ఆవిడ తిరిగి ఊపలేదు, గ్యారేజ్ తలుపు మూసి ఉందా లేదా అని వంగి చూస్తున్నారు.

మొన్న సాయంత్రం నేను మీటింగ్‌లో ఉండగా వంటింట్లో అలారం మోగింది. లేచి పరిగెత్తబోయాను. ఈలోపే అత్తయ్యగారి గొంతు వినిపించింది. గరిటె చేత్తో పట్టుకుని, తలెత్తి అలారం వైపు చూస్తూ పైకే లెక్కపెడుతున్నారు.

"ఒకటి, రెండు, మూడు... మూడే బాబూ. పోపే!"